చేటలో తేలిన లెక్క

అరకు లోయకు ఎగువన ఒక కొండ ఊరు. అక్కడొక రైతు కాఫీ తోట నీడన తేనె పెట్టెలు పెట్టుకున్నాడు. వాటిలో ఉన్నవి చెట్టు తొర్రల్లోనూ పుట్టల్లోనూ కాపురముండే మన పుట్ట తేనెటీగలే. వానలు వెనకబట్టాయి, వలిసె చేలు పచ్చగా పూతకొచ్చాయి. ఏడాదిలో తేనె బాగా దిగే రోజులవి. సరిగ్గా అప్పుడే పెద్ద కందిరీగలు వచ్చిపడ్డాయి. నల్లటి ఒళ్ళు, పొట్ట మీద వెడల్పాటి పసుపు పట్టీ. పెట్టె గుమ్మం దగ్గర కాపు వేసి, పుప్పొడి మోసుకొచ్చే ఈగను ఒడిసి పట్టేవి. దగ్గర్లోని కొమ్మ మీద వాలి తల, రెక్కలు, కాళ్ళు తుంచి పారేసి, మిగిలిన ముద్దను గూట్లోని పిల్లలకు పట్టుకుపోయేవి.

రైతుకు కడుపు మండింది. ఖాళీ ప్లాస్టిక్ సీసాలు తెచ్చాడు. మెడ కోసి, దాన్నే తలకిందులుగా లోపలికి దూర్చి, అడుగున బెల్లం పానకం పోసి, పెట్టె పెట్టెకీ ఒకటి వేలాడదీశాడు. లోపలికి దారి ఉంది, బయటికి లేదు. రెండు రోజుల్లో సీసాలు నల్లగా నిండాయి.

పండక్కి వచ్చిన అత్తకు వాటిని సంబరంగా చూపించాడు. "చూడత్తా, ఎన్ని చచ్చాయో!"

ఆవిడ సీసా అందుకుని చేట తెమ్మంది. పానకం వంచేసి, లోపలున్నదంతా చేటలో పోసి, బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరడం మొదలుపెట్టింది. కందిరీగలు ఒక పక్క. ఈగలూ దోమలూ ఒక పక్క. చిమ్మెటలు, సీతాకోకచిలుకలు ఇంకో పక్క. తేనెటీగలు వేరే. ఏరడం అయ్యేసరికి తేనెటీగల కుప్పే అన్నిటికన్నా పెద్దదిగా ఉంది.

"ఇవి ఎవరివి అల్లుడూ?"

అతను మాట్లాడలేదు.

"కందిరీగ వచ్చి ఒక్కో తేనెటీగనే పట్టుకుపోయింది. నువ్వు పానకం పెట్టి పిలిచి మరీ ముంచావు. ముందు ఈ సీసాలు దించు బాబూ."

ఆ పూటే అన్నీ దించేశాడు. అత్తకు జీలుగు కల్లు సంగతి చిన్నప్పటి నుంచీ తెలుసు. పొద్దున్నే దించిన తీపి కల్లు కుండలో తేనెటీగలు పడి చస్తాయి. అదే కల్లు పులిసి ఘాటెక్కితే అవి అటు రావు, కందిరీగలు మాత్రం ఎగబడతాయి. అందుకని ఈసారి ఎరగా పులిసిన కల్లు పోయించింది. పడ్డ పురుగు మునిగిపోకుండా కల్లు మీద వెదురు తడిక ముక్క పరిపించింది. చువ్వ కాల్చి సీసా చుట్టూ బెజ్జాలు పెట్టించింది. వాటిలోంచి తేనెటీగ బయటపడగలదు, పెద్ద కందిరీగ పడలేదు. పెట్టె గుమ్మాన్ని వెదురు పుల్లలతో ఇరుకు చేయించింది. అక్కడా కొలత అదే: ఈగ దూరాలి, కందిరీగ దూరకూడదు. సీసాలు కూడా పెట్టె పెట్టెకీ కాదు, దాడి జరుగుతున్న రెండు పెట్టెల దగ్గరే కట్టించింది. రోజూ సాయంత్రం విప్పి చూడమంది.

మర్నాడు ఒక కందిరీగ గుమ్మంలోనే వాలింది. క్షణంలో తేనెటీగలు దాని మీద పడి, కందిరీగ కనబడకుండా కప్పేసి ఉండ కట్టాయి. పాపం, తన ఈగలకేమవుతుందోనని రైతు కర్రతో ఆ ఉండను విడదీయబోయాడు.

"ఆగు. వాటి పని వాటిని చేసుకోనీ" అంది అత్త.

చాలాసేపటికి ఉండ విడింది. కందిరీగ చచ్చి కింద పడింది. ఈగలు దాదాపు అన్నీ లేచి పనిలోకి పోయాయి.

ఈ సంగతి తెలిసి పక్కింటాయన కాగడా పట్టుకొచ్చాడు. రైతు ఇంటి చూరు కింద చిన్న కందిరీగలు కాగితం లాంటి గూడు కట్టుకుని ఉన్నాయి. "ఇవీ ఆ జాతివే కదా, కాల్చిపారేద్దాం" అన్నాడు.

ఈసారి రైతే అడ్డుపడ్డాడు. "వద్దు మావా. ఇవి నా పెట్టెల జోలికి ఎప్పుడూ రాలేదు. క్యాబేజీ మడిలో పురుగుల్ని ఏరుకుపోతుంటే కళ్ళారా చూశాను."

వలిసె పూత అయిపోయింది. కందిరీగలు మొత్తంగా పోలేదు, కొన్ని ఈగలు వాటి నోట పడ్డాయి కూడా. అయినా పెట్టెలు నిలిచాయి, తేనె దిగింది.

నీతి: హాని చేసేదాన్ని ఆపుకునే హక్కు మనకుంది. కానీ ఎవరు ఏమిటో చూడకుండా అందరినీ పట్టే ఉచ్చు, శత్రువు చేసిన హానికి మన చేత్తో ఇంకో హాని కలుపుతుంది.

కథ కల్పితం. ఇందులో ఉన్న తప్పు మాత్రం ఐరోపాలో నిజంగా, ఊళ్ళకు ఊళ్ళు కలిసి చేసినదే. ఆసియాకు చెందిన పసుపు కాళ్ళ కందిరీగ 2004లో ఫ్రాన్స్ నైరుతి ప్రాంతంలో కనిపించింది. చైనా నుంచి వచ్చిన మట్టిపాత్రల సరుకులో దాక్కుని వచ్చి ఉంటుందని శాస్త్రవేత్తల అభిప్రాయం. 2010లో స్పెయిన్‌కు, 2016లో బ్రిటన్‌కు చేరింది. ఐరోపా చలిదేశాల్లో దీని సంసారం ఏడాదిదే. చలికాలం దాటి బతికిన రాణి వసంతంలో ఒంటరిగా కొత్త గూడు మొదలుపెడుతుంది. ఆ రాణిని అప్పుడే పట్టేస్తే ఒక గూడు తప్పినట్టే కదా అని జనం పెరటి చెట్లకు బీరు, పళ్ళ పానకం పోసిన సీసాలు వేలాడదీశారు. లెక్క వినడానికి బాగుంది. సీసాలు విప్పి చూస్తే పడ్డవాటిలో అత్యధికం ఈగలు, చిమ్మెటలు, ఇంకా ఎవరికీ ఏ అపకారమూ చేయని పురుగులు. పైగా రాణులు గూళ్ళ కోసం తమలో తామే కొట్టుకు చస్తాయి కాబట్టి, కొన్నింటిని మనం తీసేసినా మిగిలినవి ఆ చోటు నింపేస్తాయి. విచక్షణ లేని ఈ వేట వద్దని అక్కడి శాస్త్రవేత్తలు గట్టిగా చెప్పారు.

తర్వాత వచ్చినవే ఎంచి పట్టే ఉచ్చులు. బక్క పురుగులు బయటపడడానికి 5.5 మిల్లీమీటర్ల బెజ్జాలు ఉంటాయి. ఇంకా పెద్దదైన ఐరోపా కందిరీగ దూరకుండా ప్రవేశద్వారాన్ని కొలిచి పెడతారు. ఎరలో తెల్ల ద్రాక్షసారా కలుపుతారు, ఆ వాసనకు తేనెటీగ దూరంగా ఉంటుంది. ఆ ఐరోపా కందిరీగను చంపడం జర్మనీలో చట్టరీత్యా నిషిద్ధం. ఇలాంటి ఉచ్చు కూడా నూటికి నూరుపాళ్ళు ఎంచి పట్టదు. అందుకే రోజూ విప్పి చూడడం దాని వాడకంలో భాగం.

తేనెటీగలు కట్టే ఆ ఉండ గురించి చెప్పకపోతే ఈ నీతి సగమే అవుతుంది. జపాన్‌లో అక్కడి పుట్ట తేనెటీగల మీద పరిశోధన చేసి 1995లో ప్రకటించారు. ఈగలన్నీ రెక్కల కండరాలు అదిలించి ఉండ లోపలి వేడిని సుమారు 46 డిగ్రీల సెల్సియస్‌కు తెస్తాయి. కందిరీగ ఆ వేడికి చస్తుంది. తేనెటీగ మరో రెండు మూడు డిగ్రీల దాకా ఓర్చుకోగలదు. అంత సన్నటి తేడా మీద నిలబడి అవి తమను కాపాడుకుంటాయి. వాటి ఆయుధానికి ఉన్న కొలత మన సీసాకు లేకపోవడం అన్యాయం. పెట్టెల్లో పెంచే ఐరోపా తేనెటీగకు ఈ విద్య అంతగా రాదు. పొద్దుతిరుగుడు చేలల్లో ఆ పెట్టెలు పెట్టుకునే మన రైతులు గుమ్మం ఇరుకు చేయడం మీద మరింత శ్రద్ధ పెట్టాలి.

కందిరీగల వర్గమంతా మనకు శత్రువు కాదు. చెరకు, వరి చేలల్లో రైతులు కట్టే ట్రైకోగ్రామా కార్డుల్లో ఉండేవి ఈ వర్గానికే చెందిన అతి చిన్న పురుగులు. అవి కాండం తొలిచే పురుగు గుడ్లలో తమ గుడ్లు పెట్టి, పంటను మందు లేకుండా కాపాడతాయి.

తేనె పెట్టెలున్నవారికీ, పెరట్లో పిల్లలు ఆడుకునే ఇళ్ళవారికీ ఒక మనవి. పండ్ల తొక్కలు, తీపి పానీయాల గ్లాసులు మూతపెట్టి ఉంచితే కందిరీగల రాక తగ్గుతుంది. ఇంటి గుమ్మం పక్కనే కందిరీగల గూడుంటే మీరు ముట్టుకోకండి, పని తెలిసినవాళ్ళను పిలవండి. ఉచ్చు కట్టక తప్పదనుకుంటే ఒట్టి తీపి ఎర పెట్టకండి, బయటపడే బెజ్జాలు లేకుండా కట్టకండి. మొదటి సాయంత్రమే విప్పి, లోపలున్నదంతా పరిచి చూడండి. మీ తేనెటీగలే ఎక్కువగా కనిపిస్తే ఆ ఉచ్చును వెంటనే దించేయండి.