జీవకారుణ్యం ఎవరి సొత్తు?

జీవకారుణ్యం అనే మాట వింటే మన అభ్యుదయవాదుల్లో చాలామందికి చిరాకు కలుగుతుంది. ఆ చిరాకు నిష్కారణమైనది కాదు. ఈ దేశంలో జీవకారుణ్యం చాలాకాలంగా మడికి మారుపేరుగా చలామణీ అవుతూ వచ్చింది. మాంసం తినేవాణ్ని, అందులోనూ పందిమాంసం తినేవాణ్ని, తక్కువవాడుగా ఎంచడానికి అదొక సాధనమైంది. పందులు మేపుకొని బతికే ఎరుకలవారిని ఊరికి ఎడంగా ఉంచింది మన సమాజం. తెల్లదొరల ప్రభుత్వం వారిని నేరస్థ జాతిగా చట్టంలోకే ఎక్కించింది. పందిపట్ల ఈ సంస్కృతికి ఉన్నది జాలి కాదు, అసహ్యం. అసహ్యానికి కరుణ అని పేరు పెట్టడం వంచన.

ఐతే ఒక మాటను వంచకులు వాడుకొన్నంతమాత్రాన ఆ మాట చెప్పే వస్తువు లేకుండా పోదు. ప్రపంచంలో ఏటా సుమారు 140 కోట్ల పందులను చంపుతున్నారు. వాటిలో అధికభాగం పుట్టి పెరిగేది మనకు తెలిసిన వీధిలో కాదు, ఫ్యాక్టరీ వంటి కొట్టాలలో. ఆ ప్రాణుల బాధ మన నీతిలో లెక్కకు వస్తుందా, రాదా? వస్తుందనే నా వాదం. అదీ మనిషి బాధకు తోకగా కాదు, తనంతట తానుగా.

ముందు వాస్తవాలు చూద్దాం. పందుల పరిశ్రమకు పట్టుకొమ్మలైన అయోవా వంటి అమెరికన్ రాష్ట్రాలలో చూడి పందిని నిలిపే ఇనుప చట్రం వెడల్పు సుమారు రెండు అడుగులు, పొడవు ఏడు అడుగులు. అందులో పంది లేవగలదు, పడుకోగలదు, వెనక్కు తిరగలేదు. చూలు మోసేది దాదాపు 115 రోజులు. ఈనే వేళకు దాన్ని మరొక చట్రంలోకి మారుస్తారు. మూడు వారాలకే పిల్లలను వేరుచేసి, మళ్లీ చూలు కట్టించి, మళ్లీ మొదటి చట్రంలో నిలబెడతారు. ఈతలు తగ్గగానే కబేళాకు పంపుతారు. కింద గడ్డి ఉండదు, సందులున్న సిమెంటు పలకలుంటాయి. పెంట ఆ సందుల్లోంచి కింది గోతిలో పడుతుంది. ఆ గోతినుంచి లేచే అమోనియానే అవి రాత్రింబవళ్లు పీలుస్తాయి. ఇరుకులో పిల్లలు ఒకదాని తోక ఒకటి కొరుక్కొంటాయి గనుక ముందుగానే తోకలు కత్తిరిస్తారు. ఇరుకును తగ్గించాలని ఎవరికీ తోచదు. తోకను తగ్గించాలని తోస్తుంది.

పందికి ఇవన్నీ తెలుస్తాయా అని అడిగేవారున్నారు. 1980 ప్రాంతాలలో ఎడింబరో పరిశోధకులు స్టోల్బా, వుడ్‌గుష్ కొట్టాల జాతి పందులనే చెట్లూ చేమలూ ఉన్న ఆవరణలో విడిచి గమనించారు. అవి పగటిలో సగం పొద్దు మేస్తూ, ముట్టెతో నేల పెళ్లగిస్తూ గడిపాయి. ఈనబోయే పంది మందకు దూరంగా పోయి, చోటు చూసుకొని, గడ్డీ కొమ్మలూ మోసుకొచ్చి గూడు కట్టుకొంది. అనగా తరతరాల బందిఖానా కూడా ఆ కోరికను చంపలేకపోయింది. చట్రంలోని పంది ఇనుప కడ్డీలను గంటల తరబడి కొరకడం, నోట్లో ఏమీ లేకుండానే నమలడం ఈ కోరిక పడే పాట్లే. బురద పంది నీచత్వానికి గుర్తని మన సామెతలు ఎగతాళి చేస్తాయి. పందికి చెమట దాదాపు పట్టదు. ఒళ్లు చల్లబరచుకోవడానికి అది బురదను వెదుక్కొంటుంది. సామెత చెప్పినవాడికి తెలియని శరీరధర్మం పందికి తెలుసు.

ఇదంతా పందుల యజమానుల దుష్టబుద్ధి అనుకొంటే మనం ఏమీ అర్థం చేసుకోనట్లే. పెట్టుబడి ఎంత త్వరగా లాభంతో చేతికి తిరిగివస్తే అంత మేలు. 'పెట్టుబడి' రెండవ సంపుటంలో మార్క్స్ ఇంగ్లండు గొర్రెల ఉదాహరణ ఇచ్చాడు. నాలుగైదేళ్లకు గాని కోతకు రాని గొర్రె, బేక్‌వెల్ పద్ధతితో ఒకటి రెండేళ్లకే కోతకు వచ్చింది. పదిహేనేళ్లు బతకగల పంది ఈనాడు ఆరునెలలకే కబేళా చేరడం ఆ లెక్కకు కొనసాగింపే. ప్రాణి ఆయుర్దాయం ఖర్చు పద్దు కింద పడింది.

ఆ పద్దులో మనిషి కూడా ఉన్నాడు. 2020 వసంతంలో దక్షిణ డకోటాలోని సూఫాల్స్ పట్టణంలో స్మిత్‌ఫీల్డ్ కంపెనీ కబేళాలో కనీసం 1,294 మంది పనివారికి కరోనా సోకింది, నలుగురు మరణించారు. ప్రభుత్వం వేసిన జరిమానా 13,494 డాలర్లు. జబ్బుపడిన మనిషికి పది డాలర్ల చిల్లర! అక్కడక్కడా కబేళాలు మూతబడేసరికి కొట్టాలలో బరువెక్కిన పందులకు చోటు చాలక, అయోవాలో గాలి యంత్రాలు ఆపి, లోపల వేడి పెంచి, వాటిని మూకుమ్మడిగా చంపారు. అదే సంవత్సరం నార్త్ కరోలినాలో పెంట మడుగుల పక్కన బతికే జనం, అందులో ఎక్కువమంది నల్లవారు, వేసిన దావాలో అప్పీలు కోర్టు కంపెనీ బాధ్యతను ఖాయం చేసింది. పందుల దుస్థితీ, పనివారి ఆరోగ్యమూ, ఇరుగుపొరుగు వేదనా ఒకదానితో ఒకటి ముడిపడినవేనని న్యాయమూర్తి విల్కిన్‌సన్ తన ప్రత్యేక అభిప్రాయంలో రాశాడు. ఆయన మన శిబిరం మనిషేమీ కాదు.

ఇంతవరకు మనవాళ్లు సంతోషంగా ఒప్పుకొంటారు. "చూశారా, అంతా పెట్టుబడిదారీ విధానమే. అది పోతే పంది కష్టమూ పోతుంది" అంటారు. ఇక్కడే నాకు పేచీ. రొమేనియాలో టిమిషోర దగ్గర సోషలిస్టు ప్రభుత్వ కాలంలో కోంటిమ్ అనే బ్రహ్మాండమైన పందుల సంస్థ నెలకొన్నది. 2004లో దాన్ని కొన్నది ఎవరనుకొన్నారు? సూఫాల్స్ కబేళా యజమాని అయిన స్మిత్‌ఫీల్డే. 2013లో ఆ స్మిత్‌ఫీల్డును ఒక చైనా కంపెనీ కొన్నది. 2022లో చైనాలోని హుబే రాష్ట్రంలో, ఎజౌ నగరం వద్ద, 26 అంతస్తుల పందుల భవనం పని ప్రారంభించింది. జెండాలు మారాయి, యజమానులు మారారు. పంది మాత్రం ముడిసరుకుగానే ఉండిపోయింది. ఉత్పత్తి సాధనాలు ఎవరివి అన్న ప్రశ్న అత్యవసరమైనది. కాని ప్రాణమున్నది ఉత్పత్తి సాధనం మాత్రమేనా అన్నది మరొక ప్రశ్న. మొదటిదానికి జవాబు చెబితే రెండవదానికి జవాబు దానంతట అది రాదు.

మనిషి ఆకలి తీరకముందు పంది సంగతెందుకు అనేవారికి ఒక మాట. కరుణ గాదెలో గింజ కాదు, ఒకరికి పెడితే మరొకరికి తరిగిపోవడానికి. పందిని చట్రంలో బిగించినందువల్ల ఆకలిగొన్నవాడి కంచంలోకి అన్నం రాలేదు. ఆ పందులకు కొండలకొద్దీ మొక్కజొన్న, సోయా మేపవలసి వచ్చింది. చవక మాంసం అంటారు. నార్త్ కరోలినా బీదలు పీల్చిన దుర్గంధం ధరలో కలపలేదు గనుకనే అది చవక.

చంపడం తప్పా కాదా అన్నది ఇక్కడ నా ప్రశ్న కాదు. పందిని చంపుకొని తినే బీదవాడిమీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. అతని పంది చచ్చేదాకా బతికింది. చట్రంలోని పందిని బతికినన్నాళ్లూ బతకనివ్వలేదు. తేడా అక్కడ ఉన్నది.

ఇది మారనిదేమీ కాదు. 1964లో రూత్ హారిసన్ 'యానిమల్ మెషిన్స్' రాస్తే, 1965లో బ్రిటిష్ ప్రభుత్వం నియమించిన బ్రాంబెల్ సంఘం ప్రాణికి లేవడానికి, పడుకోవడానికి, వెనక్కు తిరగడానికి, ఒళ్లు శుభ్రం చేసుకోవడానికి, కాళ్లు చాపుకోవడానికి చోటుండాలన్నది. ఆ కొద్దిపాటి కోరిక చూడి పందికి అక్కడ చట్టమయ్యేసరికి 1999 వచ్చింది. ఐరోపా యూనియన్ 2013లో చూలుకాలంలో ఎక్కువభాగానికి చట్రాన్ని నిషేధించింది. ఈనే చట్రాన్ని మాత్రం రెండు చోట్లా అనుమతించారు. బ్రిటన్ తన పందులను విడిపించి, చట్రాలలోని పందుల మాంసాన్ని బయటినుంచి దిగుమతి కానిచ్చింది. కాలిఫోర్నియా ప్రజలు 2018లో ఓటువేసి అటువంటి మాంసం అమ్మకాన్నే కట్టడిచేశారు. పరిశ్రమ కోర్టుకెక్కగా 2023లో అమెరికా సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. ఉత్పత్తినే కాక సరుకును కూడా పట్టుకొంటేనే చట్టానికి పళ్లుంటాయని దీనివల్ల తెలుస్తున్నది.

కనుక జీవకారుణ్యాన్ని మడికట్టుకొన్నవారికి వదిలివేయడం మనం చేయదగిన పని కాదు. వారి చేతుల్లో అది మనిషిని మనిషినుంచి వేరుచేసింది. కబేళా కార్మికుడి వేళ్లనూ, పందుల ఈతలనూ ఒకే పుస్తకంలో లెక్కగట్టే చేతిని ఎదిరించేవాడికి ఆ రెండు బాధలూ కనిపించాలి. ఒకటి కనిపించి రెండవది కనిపించకపోతే, అతడు ఎదిరిస్తున్నది ఆ లెక్కను కాదు, అందులో తన వంతు తక్కువ కావడాన్ని మాత్రమే.