ఎనిమిది కాకముందే మోగే ఫోను
అప్పు తీర్చాలని మనసున్నా చేతిలో పైసా ఆడని ఇళ్లలో ఫోను మోగితేనే గుండె దడ. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 దాటాక వసూలు ఏజెంట్లు ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులోనే చెప్పింది. బెదిరించడం, నలుగురిలో పరువు తీయడం కూడా కుదరదంది. బాకీ పడ్డాం కదా అని తిట్లు పడక్కర్లేదు! ఇంటికొచ్చినవాళ్లను గుర్తింపు కార్డు అడగండి. కాల్స్ రికార్డు చేసుకోండి. అయితే ముఖం చాటేయకండి. నెలకు ఎంత కట్టగలరో, ఎందుకు ఆగిందో బ్యాంకుకు మీరే రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. చాలామంది ఈ ఒక్క కాగితమే రాయరు. ఏజెంట్లు వేధిస్తే ముందు బ్యాంకుకే ఫిర్యాదు చేయండి. దానికి 30 రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు, రుసుమేమీ లేదు. ఫోటోలు మార్ఫింగ్ చేసి బెదిరించే లోన్ యాప్‌లైతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.