సీసపు గుండు

సియాటిల్‌కీ బెల్‌వ్యూకీ మధ్య వాషింగ్టన్ సరస్సు ఉంది. పొడవు 30 కిలోమీటర్ల పైనే, లోతు కొన్నిచోట్ల 65 మీటర్లు. దాని మీది తేలే వంతెనలు దాటి రోజూ ఆఫీసుకు పోయేవాళ్లలో మన తెలుగువాళ్లు చాలామంది. వాళ్లలో ఒకతను సెలవురోజుల్లో చిన్న పడవేసుకుని కట్‌త్రోట్ ట్రౌట్ కోసం సరస్సులోకి వెళ్లేవాడు. దవడ కింద కత్తి గీసినట్టు ఎర్రటి చార ఉండే చేప అది.

ఆగస్టు వచ్చింది. మూడు వారాలు వరసగా ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. మొదటి వారం ఎర మార్చాడు. రెండో వారం గాలం మార్చాడు. మూడో వారం ఉత్తరాన కెన్‌మోర్ నుంచి దక్షిణాన రెంటన్ దాకా సరస్సంతా తిరిగాడు. నాలుగో వారం, కొడుకును చూడ్డానికి వచ్చిన తండ్రిని వెంట తీసుకెళ్లాడు. ఆయన కొల్లేటి లంకలో పుట్టి పెరిగినవాడు.

తెల్లారుజామున బయల్దేరితే పదింటి దాకా ఒక్క చేపా తగల్లేదు.

"ఇందులో చేపలైపోయినట్టున్నాయి నాన్నా. ఊరి మధ్య నీళ్లు కదా, ఎంతమంది పడతారో!"

తండ్రి బదులు చెప్పకుండా నీళ్లలో చెయ్యి పెట్టాడు. "పైన వెచ్చగా ఉన్నాయిరా. మన కొల్లేరుకు లోతు లేదు కాబట్టి పైన వేడెక్కితే అడుగూ వేడెక్కుతుంది. ఇక్కడ అడుగున ఎలా ఉంటాయి?"

కొడుక్కి తెలీదు. ఆరేళ్లుగా ఆ నీళ్ల మీద తిరుగుతున్నాడు, ఆ మాట ఎన్నడూ అనుకోలేదు.

గాలాన్ని లోతుకు దించే సీసపు గుండొకటి పడవ అంచున ఉక్కు తీగకు వేలాడుతోంది. దాన్ని అతను ఐదారు మీటర్లకు మించి దించేవాడు కాదు. వసంతకాలంలో చేప అక్కడే పడింది మరి.

"ఇరవై మీటర్లు దించి కాసేపు ఉంచు," అన్నాడు తండ్రి. పది నిమిషాల తర్వాత పైకి లాగించి, గుండును తడిమి చూసి, కొడుకు చేతుల్లో పెట్టాడు. అప్పుడే బావిలోంచి తోడిన బిందెలా చల్లగా ఉంది.

"చేపలెక్కడికీ పోలేదు అబ్బాయ్. చల్లదనం దిగింది, దాంతోపాటే అవీ దిగాయి."

ఆ లోతునే గాలం వదిలి పడవను నెమ్మదిగా నడిపారు. మిట్టమధ్యాహ్నం రాడ్డు వంగింది. ఒక్క చేపే.

నీతి: పని సాగనప్పుడు చోటు ఖాళీ అయిందని తేల్చేయకూడదు, లోతు కొలవాలి. ఓపిక పట్టమని మాత్రమే చెబితే ఈ కథలో సగమే అందుతుంది. ఆ కొడుక్కి మూడు వారాల ఓపిక ఉంది. లేనిది ప్రశ్న.

ఈ సరస్సు బతికిందే అలా కొలిచినవాళ్ల వల్ల. చుట్టుపక్కల ఊళ్ల మురుగు శుద్ధి చేసి వదిలినా, అందులోని భాస్వరంతో నాచు పెరిగిపోయింది. 1955లో ఎడ్మండ్సన్ అనే శాస్త్రవేత్త బృందం ఆ ముప్పును ముందే గుర్తించింది. నీళ్లలోకి తెల్లటి పళ్లాన్ని దించి, అది ఏ లోతున కనుమరుగైతే అంతవరకే నీరు తేట అని లెక్కగట్టేవారు. 1960ల మధ్యలో ఒక దశలో అది మీటరు లోపే మాయమైపోయేది. మురుగు మళ్లించే సంస్థ ఏర్పాటుకు 1958 మార్చిలో ఓటు వీగిపోయింది. జనం సెప్టెంబరులో మళ్లీ ఓటేసి నెగ్గించారు. 1963 నుంచి 1968 దాకా మురుగును మళ్లించారు, నీరు తేటపడింది.

అయినా ఎడ్మండ్సన్ పళ్లెం దించడం మానలేదు. నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది అదే. అందుకే 1976లో నీరు ఉన్నట్టుండి ఇంకా తేటైనప్పుడు కారణం వెతకగలిగారు. నాచును మేసే డాఫ్నియా అనే నలుసంత జీవి పెరిగింది. దాన్ని తినే రొయ్యలాంటి పురుగు అప్పటికే తగ్గిపోయింది. ఆ పురుగును తిని తగ్గించినది స్మెల్ట్ అనే చిన్న చేప.

ఆ సాయంత్రం ట్రౌట్ పొట్ట కోసినప్పుడు తండ్రి వేలికి తగిలినవి అవే. వేలెడేసి పొడవున, వెండిలా మెరుస్తూ, మూడు స్మెల్ట్‌లు.