సలహా ఆయనది, సంతకం మనది

మోతెలోనో, కోదాడలోనో నెలజీతంపై బతికే ఒక సోదరుడున్నాడనుకుందాం. జీతంలో పన్ను కోత పడింది. ఒక ఏజెంటు వచ్చి, "సార్, ఇరవై వేలు రిఫండ్ ఇప్పిస్తాను, అందులో నాకు పది శాతం ఇవ్వండి చాలు" అన్నాడు. కట్టని ఇంటి అద్దె, తీసుకోని చదువు అప్పు, ఇవ్వని విరాళం రిటర్నులోకి ఎక్కాయి. డబ్బు ఖాతాలో పడింది. రేపు నోటీసు వస్తే "ఆయన చెప్పాడు, నేను నమ్మాను" అనే జవాబు చెల్లుతుందా?

ఇలాంటివి జరుగుతూనే ఉన్నాయి. 2025 జూలైలో ఆదాయపు పన్ను శాఖ దేశవ్యాప్తంగా 150 చోట్ల ఇలాంటి మధ్యవర్తులపై తనిఖీలు చేపట్టింది. అంతకు ముందు నాలుగు నెలల్లో సుమారు 40,000 మంది తమ రిటర్నులు సరిదిద్దుకుని 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు ఉపసంహరించుకున్నారు.

ఆ రిటర్నులకు వర్తించిన 1961 నాటి చట్టంలోని 270ఎ సెక్షన్ ప్రకారం, వాస్తవాలను తారుమారు చేసి ఆదాయం తగ్గించి చూపితే ఎగవేసిన పన్నుకు రెట్టింపు జరిమానా. ఇరవై వేలకు నలభై వేలు! అసలు పన్ను, వడ్డీ అదనం. ఏజెంటు తీసుకున్న రెండు వేలు మాత్రం తిరిగి రావు. అయితే ఉన్నదున్నట్లు వివరాలన్నీ చెప్పి, సదుద్దేశంతో పొరబడిన వానికి అదే సెక్షన్‌లో వెసులుబాటు ఉంది. అంటే చట్టం కూడా నియ్యత్‌ను (సంకల్పాన్ని) చూస్తుందన్న మాట.

సలహా ఒక అమానత్. సలహా అడిగిన వారికి ద్రోహం చేయకూడదని దైవప్రవక్త (స) బోధించారు. కనుక ఆ ఏజెంటు నిస్సందేహంగా దోషే. కాని ఆయన దోషం మన దోషాన్ని కడిగివేయదు. ఒకరి పాపభారం మరొకరు మోయరని దివ్యఖుర్‌ఆన్ స్పష్టం చేసింది. "మా పెద్దలు మమ్మల్ని దారి తప్పించారు" అనేవారి మొర పరలోకంలో పనికిరాదనీ హెచ్చరించింది.

చట్టంలోని మెలికలు మనకు తెలియకపోవచ్చు. అందులో తెలిసినవారిని నమ్మడం తప్పు కాదు. కాని మనం అద్దె కట్టామో లేదో మనకంటే ఎవరికి బాగా తెలుసు? మన ఫోనుకు వచ్చిన ఓటీపీని మనమే చెప్పినప్పుడు, ఆ అబద్ధానికి సాక్ష్యం పలికింది మనమే.

కాబట్టి సలహా వినే ముందు ఒక్క మాట ఆలోచిద్దాం: మనం 'వద్దు' అంటే ఈయనకు దక్కేదేమిటి? ఏమీ దక్కదంటే ఆయన మాటను ఇంకొకరి వద్ద విచారించి తీరాలి. ఇప్పటికే పొరపాటు జరిగి ఉంటే రిటర్ను సరిదిద్ది, తీసుకున్నది తిరిగి కట్టేద్దాం. ఇతరుల సొమ్ము చేతిలో ఉంచుకుని చేసే తౌబా సంపూర్ణం కాదు.