గొంతు మనిషిదే

శాస్త్రీయ సంగీతాన్ని సినిమా పాటల హోరు ముంచేస్తోందని కుమిలిపోయే కథ ‘శంకరాభరణం’. ఆ బాధను ఊరూరికీ మోసుకొచ్చింది మాత్రం సినిమాయే, అదీ సినిమా పాటలతోనే. 1980లో అది విడుదలైనప్పుడు హాల్లో కళ్లు తుడుచుకున్నవాళ్లకు ఈ తిరకాసు గుర్తుకు రాకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఏడుస్తున్నప్పుడు ఎవరూ తర్కం చెయ్యరు.

శంకరశాస్త్రి అని మనం దణ్ణం పెట్టిన మనిషిని కాస్త విప్పి చూడండి. ముఖం, నడక, ఆ చూపు జె.వి.సోమయాజులువి. ఆయన రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేసిన రంగస్థల నటుడు. గొంతు బాలుది. తాను శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోలేదని బాలు ఎన్నడూ దాచుకోలేదు. బాణీలు కె.వి.మహదేవన్‌వి, అంటే సినిమా పాటలు కట్టడమే జీవితంగా గడిపిన ‘మామ’వి. మాటలు జంధ్యాలవి, పాటలు వేటూరివి. ఆఖరికి శాస్త్రి శిష్యుడైన పిల్లవాడిగా వేసింది కూడా ఒక ఆడపిల్ల. మహదేవన్‌కీ, బాలుకీ, వాణీ జయరాంకీ ముగ్గురికీ ఆ సినిమాకే జాతీయ అవార్డులొచ్చాయి. సినిమా పాటకి అవార్డు అంటే శంకరశాస్త్రి ఏమనేవాడో ఊహించుకుంటే నాకు నవ్వొస్తుంది.

మరి మనం ఏడ్చింది ఎవరి కోసం? అలాంటి మనిషి లేడు. పదిమంది కలిసి లేని మనిషిని నిలబెట్టారు, ఆ లేని మనిషి నిజంగా ఉన్న సంగీతం వైపు జనాన్ని నడిపించాడు. దీన్ని మోసం అనడానికి నాకు నోరు రాదు. దైవికం అనడానికి అంతకన్నా రాదు. పెదవులు ఒకరివి, గొంతు ఇంకొకరిది, మనసు వేరొకరిది అయినప్పుడు కూడా కన్నీళ్లు అబద్ధం కాకపోవడం నన్ను చాలాకాలంగా వెంటాడుతున్న ప్రశ్న.

ఆ సినిమా చూసి పిల్లల్ని పాటల క్లాసులో చేర్చిన ఇళ్లు మా పేటలోనూ ఉన్నాయి. మా ఇల్లు వాటిలో లేదు. ఉద్యోగం ఒడ్డుకు చేరే రోజుల్లో, మా వీధి చివర ఇంట్లో పాఠాలు చెప్పే ఆవిడ దగ్గర నేనే వెళ్లి చేరాను. చాప మీద నాకు అటూ ఇటూ ఏడెనిమిదేళ్ల పిల్లలు. వాళ్లకు నేను అంకుల్‌ని, టీచర్ గారికి ‘సార్’ని. ఆవిడ వయసులో నాకన్నా చాలా చిన్న. అయినా చాప మీద కూర్చున్నంతసేపూ పెద్ద ఆవిడే.

మొదటి పాఠం అందరికీ తెలిసిందే, మాయామాళవగౌళలో సరళీ వరుసలు. పురందరదాసు పెట్టిన పద్ధతి అని సంప్రదాయం చెబుతుంది. ఎవరు పెట్టినా బుర్ర ఉన్నవాళ్లే పెట్టారు. ఆ రాగంలో స నుంచి మ దాకా ఏ కొలతలున్నాయో, ప నుంచి పై స దాకా అవే కొలతలు. కింది సగం పట్టుబడితే పై సగానికి దారి తెలిసినట్టే. అసలు తంటా రిషభంతో. అది షడ్జానికి దాదాపు ఆనుకునే ఉంటుంది. నా గొంతేమో స వదలగానే ఒక పెద్ద అంగ వేసి చతుశ్రుతి రిషభం మీద పడేది. టీచర్ గారు శ్రుతి పెట్టె చప్పుడు కాస్త పెంచి, ‘అంత దూరం వెళ్లిపోకండి సార్, పక్కింటికే’ అనేవారు. చెయ్యి ఇంకో పక్క ఆదితాళం వేస్తూ ఉండాలి: ఒక దెబ్బ, చిటికెనవేలి నుంచి మూడు వేళ్లు, దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. గొంతు సరిగ్గా ఉంటే వేలు తప్పుతుంది, వేలు సరిగ్గా ఉంటే గొంతు తప్పుతుంది. ఆ ఎనిమిది లెక్కల్లో దైవం కనిపించిందని ఎవరైనా అంటే వాళ్లు మొదటి కాలం దాటి ఉంటారు.

సినిమా దీన్నెప్పుడూ చూపించదు. పల్లవిలో గురువు ముందు బాసింపట్టు వేసుకున్న పిల్లాడు రెండో చరణానికల్లా మీసాలు మొలిచి కచేరీ చేస్తుంటాడు. సరళీలు, జంటలు, అలంకారాలు అన్నీ మధ్యలో వచ్చే వయొలిన్ల బిట్‌లో కలిసిపోతాయి. చూపించమని నేను అడగడం లేదు, చూపిస్తే హాల్లో ఎవరూ మిగలరు. కాని చూపించకపోవడం వల్ల మనకొక నమ్మకం స్థిరపడింది, పాట పైనుంచి దిగొస్తుందని.

‘జగదేకవీరుని కథ’లో శివశంకరి పాట దగ్గర రామారావు ఒక్కడే పలువురై పాడతాడు, వీణ వాయిస్తాడు, మృదంగం వాయిస్తాడు. 1961లో ఆ ట్రిక్కుకి జనం చప్పట్లు కొట్టారు, ఇప్పుడు చూసినా ముచ్చటగానే ఉంటుంది. కాని ఆ దర్బారీ కానడ పలికిన గొంతు ఘంటసాలది. చిన్నతనంలో విజయనగరం వెళ్లి, వారాలు కుదరక మధూకరం చేసి, జోలెలో పడిన అన్నం తిని, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర నేర్చుకున్న గొంతు అది. మహిమ అంటే తెర మీద రామారావు పలువురు కావడమా, ఆకలితో ఉన్న ఒక కుర్రాడు పాఠం మానకపోవడమా?

వరం అనేస్తే మనకు రెండు సుఖాలు. ఒకటి, వాళ్ల కష్టాన్ని లెక్కపెట్టక్కర్లేదు. రెండు, మన బద్ధకానికి సంజాయిషీ అక్కర్లేదు. ఈ మాటే టీచర్ గారితో అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. ‘మధూకరం చేసినవాళ్లంతా ఘంటసాల అయ్యారా సార్? సాధన తీసేస్తే ఇంకేదో మిగులుతుంది కదా, దాన్నేమంటారు మీరు?’ అన్నారు. నాకు తెలియదన్నాను. ‘నేను దాన్నే భగవంతుడంటాను’ అన్నారు. ఇద్దరం ఒకే గుమ్మం దగ్గర ఆగాం. ఆవిడ దానికి పేరు పెట్టారు, నేను పెట్టలేదు, అంతే తేడా.

గీతాలకొచ్చాక మోహనలో ‘వరవీణా’ మొదలైంది. ఐదే స్వరాలు. ఇంటికెళ్లి కూనిరాగం తీస్తుంటే అది నాకు తెలియకుండానే ‘మాయాబజార్’ పడవలోకి ఎక్కేసింది, లాహిరి లాహిరి కూడా మోహనే మరి. టీచర్ గారు కంగారుపడ్డారు. సినిమా పాటతో రాగం పట్టుకోవద్దు, వాళ్లు అన్యస్వరాలు వేస్తారు అన్నారు. నిజమే, వేస్తారు. కాని రామ్నాడ్ శ్రీనివాస అయ్యంగార్ రాసిన మోహన వర్ణం ‘నిన్నుకోరి’ ఎత్తుగడను 1988లో ఇళయరాజా మణిరత్నం సినిమాకి వాడుకున్నాడు, తెలుగులో ‘ఘర్షణ’గా వచ్చింది. కుర్రకారు ఎగురుతూ పాడుకున్నది ఒక వర్ణం అని వాళ్లకు ఎవరూ చెప్పలేదు, చెప్పి ఉంటే ఎగరడం మానేసేవాళ్లేమో. కొన్నాళ్లు నాకూ ఆ ఇబ్బంది వచ్చింది. పాట వింటే స్వరాలు లెక్కపెట్టుకోవడమే తప్ప పడవా లేదు, వెన్నెలా లేదు. తర్వాత అదే సర్దుకుంది.

సర్దుకోనిది ఇంకొకటి ఉంది. నాకు దేవుడి మీద నమ్మకం లేదు. త్యాగరాజస్వామి కృతి నోటికొచ్చే దశలో నేను రాముణ్ని పిలుస్తున్నప్పుడు ఎవర్ని పిలుస్తున్నట్టు? అర్థం వదిలేసి స్వరం పట్టుకో అనేవాళ్లున్నారు. అది నాకు అన్యాయంగా తోస్తుంది. ఆయన మాటలు రాగానికి తొడుగులు కావు. అలిగాడు, దెప్పాడు, బతిమాలాడు, నిలదీశాడు, ఇంట్లో మనిషితో పోట్లాడినట్టు పోట్లాడాడు. రాముడు ఉన్నాడో లేడో గాని, ఆ పోట్లాట ఉంది. పలకని వాణ్ని జీవితమంతా పలకరించిన మనిషి ఒంటరితనం ఉంది. దాన్ని పాడటానికి నమ్మకం కావాలా, ఎప్పుడైనా ఎవర్నైనా అలా పిలిచి ఉంటే చాలదా?

పైగా నా బుర్రలో ఉన్న త్యాగరాజు కూడా సినిమావాడే. 1946లో నాగయ్య గారు ‘త్యాగయ్య’ తీసి తానే వేసినప్పటి నుంచి తెలుగువాళ్లకు ఆయన మొహం నాగయ్య మొహం. 1981లో బాపు మళ్లీ తీస్తే శంకరశాస్త్రిగా వేసిన సోమయాజులే త్యాగయ్య అయ్యాడు. అసలు మనిషి 1847లో తిరువయ్యారులో పోయాడు. పాటలు మన దాకా వచ్చాయంటే శిష్యులు కంఠస్థం చేశారు, వాలాజాపేట వాళ్లు తాళపత్రాల మీద రాసి దాచారు. ఎవరో గంటం పట్టుకుని కూర్చోకపోతే ఎన్ని కృతులు ఆ ఇంటితోనే పోయేవో! దేవుడు పాడించాడని అంటే అనుకోండి, రాసి దాచింది మాత్రం వెంకటరమణ భాగవతార్ లాంటి మనుషులు.

ఇక్కడే మళ్లీ ‘శంకరాభరణం’ దగ్గర నాకు ముల్లు గుచ్చుకుంటుంది. తులసి వేశ్య కూతురు. సంగీతం, నాట్యం తెలిసిన పిల్ల. శాస్త్రి ఆమెను చేరదీస్తే పక్కవాయిద్యాల వాళ్లు లేచిపోతారు, ఊరు వెలేస్తుంది. ఆ ఊరి పాపాన్ని సినిమా ధైర్యంగానే చూపించింది, 1980లో అది చిన్న సంగతి కాదు. కాని విద్య తులసికి దక్కదు. ఆమె కొడుక్కి దక్కుతుంది. ఆమె గురువు పాదాల దగ్గర ప్రాణం వదులుతుంది. ఎందుకు? ఆమె కచేరీ చేస్తే కథకొచ్చిన నష్టమేమిటి?

చరిత్రలో తులసులు పాదాల దగ్గర ఆగిపోలేదు. దేవదాసీ కులంలో పుట్టిన బెంగళూరు నాగరత్నమ్మ 1910లో ముద్దుపళని ‘రాధికాసాంత్వనం’ అచ్చు వేయించి ప్రభుత్వ నిషేధం మీదకు తెచ్చుకుంది. తర్వాత తిరువయ్యారులో పాడుబడిన త్యాగరాజ సమాధిని చూసి, తన కచేరీల సంపాదన ధారపోసి స్థలం కొని గుడి కట్టించింది. ఆరాధనలో ఆడవాళ్లు పాడకూడదన్నారు. ఆమె తనవాళ్లను కూడగట్టుకుని వేరే పాడింది. ఇవాళ పుష్య బహుళ పంచమికి వందలమంది ఆడామగా కలిసి కూర్చుని పంచరత్నాలు పాడుతుంటే టీవీలో చూసి మురిసిపోతాం. కూర్చున్న ఆ చోటు ఎవరి నగల డబ్బో పిల్లల పాఠంలో ఎక్కడా ఉండదు. ఆమె మీద పెద్ద సినిమా వస్తే ముందు వరుసలో నేనుంటాను.

టీచర్ గారికి ఇవన్నీ తెలుసు. ఆవిడకు నాతో అసలు పేచీ ‘స్వాతికిరణం’ దగ్గర. 1992లో వచ్చింది, అదీ ‘శంకరాభరణం’ తీసిన విశ్వనాథ్ గారిదే, అదీ మహదేవన్ సంగీతమే. అనంతరామశర్మ మహా విద్వాంసుడు. గంగాధరం అనే పిల్లవాడి విద్య చూసి అసూయతో దహించుకుపోతాడు, ఆ పిల్లవాడు ప్రాణం తీసుకునేదాకా వెళుతుంది. శాస్త్రిని దేవుణ్ని చేసిన దర్శకుడే పన్నెండేళ్లకు ఈ గురువుని తీశాడు. నాకు ఇదే ఎక్కువ నిజాయితీగా కనిపిస్తుంది. సంగీతం మనిషిని మంచివాణ్ని చేస్తుందని సభల్లో వింటాం. చేస్తే శర్మని ఎందుకు చెయ్యలేదు? అతని విద్యలో లోపం లేదు. పైగా విద్య ఉండబట్టే ఆ అసూయ. ఊళ్లోవాళ్లంతా పిల్లాడు బాగా పాడాడని చప్పట్లు కొట్టి ఇంటికెళ్లారు. ఎంత బాగా పాడాడో ఇంచు తేడా లేకుండా కొలవగలిగిన చెవి ఆ సభలో శర్మ ఒక్కడికే ఉంది. పిల్లవాణ్ని కన్నకొడుకులా చూసుకున్నది మాత్రం అతని భార్య శారద. సాధన చెవిని పదును పెడుతుంది, మనసు సంగతి దానికేం పట్టినట్టు లేదు.

‘కలిసి పాడేటప్పుడు పక్కవాళ్లని వినాలి కదా సార్, అదైనా నేర్పుతుంది కదా’ అన్నారు ఆవిడ. పక్కవాణ్ని వినడం నా పాట చెడకుండా ఉండటానికా, వాడి మీద ప్రేమతోనా? అది గుణమా, నేర్పా? ఈ ప్రశ్నకు ఆవిడ విసుక్కున్నారు. పిల్లలు జంట వరుసల పుస్తకాలు తీసి ఎదురుచూస్తున్నారు. అయినా ఉండబట్టలేక, మీకెప్పుడైనా శిష్యుల మీద అసూయ కలిగిందా అని అడిగేశాను. అడక్కూడని మాటే.

ఆవిడ శ్రుతి పెట్టె కట్టేశారు.

‘ఒక పిల్ల మీద కలిగింది. రెండుసార్లు వింటే చాలు, నేను చెప్పనివి కూడా పలికేది. వాళ్ల అమ్మతో చెప్పి మద్రాసులో పెద్దావిడ దగ్గరికి పంపించేశాను. ఆ పిల్ల బాగుపడాలని పంపానా, నా కళ్ల ముందు వద్దని పంపానా అని మీరు అడగబోతున్నారు కదా? నాకూ తెలీదు. ఆ పిల్ల ఇప్పుడు బాగా పాడుతోంది, అది మాత్రం తెలుసు’ అన్నారు. పెట్టె మళ్లీ పెట్టి, ‘కానివ్వండి సార్, జంటలు, రెండో కాలం. రిషభం జాగ్రత్త’ అన్నారు.