గాయము మానినదా?

ధ్యాన భాగములు: యిర్మీయా 6:13-15, యాకోబు 2:14-17



దేశము కోలుకొనినదనియు, ప్రజల రాబడి పెరిగినదనియు అధికారులు ప్రకటించునప్పుడు మన ఊళ్లలో అనేకులు నవ్వి ఊరకుందురు. "అదంతా కాగితము మీదనే" అందురు. ఈ అపనమ్మకము పాపమా? అధికారులను గౌరవింపవలెనని బోధించు మనము దీనికేమి చెప్పుదుము?

ఈ అపనమ్మకము ఊరక పుట్టలేదు. కోరుట్ల ప్రాంతపు చెరకు రైతుల నడుగుడి. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడెను. తిరిగి తెరిపింతుమను మాట వారు పలుమారులు వినియున్నారు. సిరిసిల్లలో 2017 మొదలు బతుకమ్మ చీరల పని వచ్చి సాంచాలు ఆడెను. నేతవారి బ్రతుకు మారినదనిరి. ఆ పని అనేక ఇండ్లకు అన్నము పెట్టిన మాట నిజమే. కాని 2024 ఆరంభమున పని లేక, బకాయిలు చేతికి రాక, సాంచాలు నిలిచిపోయెను. 2025లో మహిళా సంఘముల చీరల పని వచ్చెను. ఒక ఆర్డరుతో లేచి, అది ఆగగానే పడిపోవు బ్రతుకును కోలుకొనిన బ్రతుకందుమా?

అయినను ప్రభుత్వపు లెక్కలన్నియు అబద్ధములని కొట్టివేయుట న్యాయము కాదు. దినమునకు నూరు రూపాయలు తెచ్చుకొనువాని కూలి అరువదికి పడినదనుకొనుడి. మరుసటి యేడు అది తొంబదియైనది. కూలి సగము పెరిగినదని అధికారి వ్రాయును, అది నిజమే. నాకింకను పది రూపాయలు తక్కువే అని కూలివాడు చెప్పును, అదియు నిజమే. ఈ నడుమ ధరలు పెరిగి, అప్పునకు వడ్డీ కూడినయెడల వాని కష్టము మరి ఎక్కువ. గనుక లెక్క విని నవ్వుట సులభము. ఎక్కడినుండి ఎక్కడికి పెరిగెను, ఎవరికి పెరిగెను అని అడుగుట మన బాధ్యత. సమస్తమును పరీక్షింపుడని పౌలు థెస్సలొనీకయులకు నేర్పెను గదా.

యిర్మీయా కాలమున ప్రజల గాయమునకు పైపైన కట్టు కట్టి, అంతా క్షేమమేయని చెప్పినవారిలో ప్రవక్తలును యాజకులును ఉండిరి. ఆ గద్దింపు దేవుని మందిరములోని వారికే మొదట తగిలెను. ఇది మనలను భయపెట్టవలెను. వార్షిక సభలో కానుకలు పెరిగినవని, గోడలకు సున్నము వేసితిమని మనమును నివేదిక చదువుదుము. జగిత్యాల పల్లెలలో గల్ఫు సొమ్ముతో లేచిన మేడను చూచి ఊరు బాగుపడెనందుము. ఆ మేడకై చేసిన అప్పెంతయో అడిగితిమా? వెనుక వరుసలో కూర్చుండి, ఇంటికి పోయి దీపము ముందు బీడీలు చుట్టు విధవరాలి పేరు మన నివేదికలో ఉన్నదా? ఆకలితోనున్నవానిని మంచి మాటలతో సాగనంపుట వలన ప్రయోజనమేమని యాకోబు అడుగుచున్నాడు.

సత్యమును వెదకని అపనమ్మకము సోమరితనమే. ఈ నెలలో మన సంఘపు పెద్దలు ఒక్కొక్కరు ఒక్కొక్క ఇంటికి పోయి, పనియున్నదా, అప్పెంత, పిల్లలు బడికి పోవుచున్నారా అని నెమ్మదిగా విచారింతురుగాక. అట్లు చేసినప్పుడే అధికారులను కూడ నిజమైన లెక్క అడుగుటకు మనకు నోరుండును.

ప్రార్థన: ప్రభువా, మా మధ్యనున్న గాయమును చూచు కన్నులను, దానిని దాచని నాలుకను, కట్టు చేతులను మాకు దయచేయుము. ఆమేన్.