టీవీ మీద గుడ్డ

రమజాన్ నెలవంక కనిపించిందనగానే మా అమ్మ మొట్టమొదట చేసే పని టీవీ మీద గుడ్డ కప్పడం. ఆకుపచ్చ అంచున్న తెల్లగుడ్డ అది. మిగతా పదకొండు నెలలూ బీరువాలో బట్టల అడుగున పడి ఉండేది. కప్పిన తర్వాత దాని మీద సహరీకి లేపే అలారం గడియారం పెట్టేది. ఇక ఈద్ చంద్రుడు కనిపించేదాకా ఆ టీవీ మా ఇంట్లో గడియారం బల్ల మాత్రమే.

1980ల చివరి మాట ఇది. నల్గొండ పాతబస్తీలో మా ఇల్లు. నాకప్పుడు పదకొండేళ్లు. తెలివైన ప్రశ్న అడిగాననుకుని ఒకరోజు అమ్మను నిలదీశాను. సినిమా చూడటం హరామ్ అయితే పదకొండు నెలలు ఎందుకు చూస్తున్నాం? హరామ్ కాకపోతే ఈ ఒక్క నెల ఎందుకు కప్పుతున్నాం?

అమ్మ పెద్దగా చదువుకున్నది కాదు. ఇఫ్తార్‌కు శనగలు ఉడకబెడుతూ, తల తిప్పకుండానే అంది: "అన్నం హరామా? నీళ్లు హరామా? మరి రోజా ఎందుకుంటున్నాం?"

అప్పుడు నాకు అది జవాబులా అనిపించలేదు. తప్పించుకుందనుకున్నాను. ముప్పై ఏళ్లకు పైగా గడిచాక గాని ఆ మాట విలువ తెలియలేదు. తెలిసిన తీరు చెప్పుకోవడానికి నాకే సిగ్గుగా ఉంటుంది. అయినా చెబుతాను.

సినిమా విషయంలో మన ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. బొమ్మ, సంగీతం రెండూ కూడవు గనుక సినిమా అసలే వద్దనే పండితులున్నారు. ఆ మాటకు కట్టుబడి ఇంట్లోకి టీవీనే రానివ్వని కుటుంబాలు మా బస్తీలోనూ ఉన్నాయి. వారంటే నాకు గౌరవం. వారి ఇంట్లో ఈ వ్యాసంతో పని లేదు. అశ్లీలం గురించి కూడా చర్చ అక్కర్లేదు, అక్కడ ఆదేశం స్పష్టం. ఒక్కమాట మాత్రం. చూపులు దించుకోమని నూర్ సూరాలో వచ్చిన ఆదేశం మొదట పురుషులకు, ఆ తర్వాతే స్త్రీలకు. ఆడపిల్ల ఏం చూస్తున్నదో తొంగిచూసే తండ్రులు ఈ వరుసను మరచిపోతుంటారు. నేను రాస్తున్నది మిగిలిన ఇళ్ల గురించి. శుభ్రమైన సినిమా అయితే ఫరవాలేదనుకుని, ఇంటిల్లిపాదీ చూసే మనబోటి మామూలు ఇళ్ల గురించి. అక్కడ అడగవలసిన ప్రశ్న 'ఏ సినిమా' అన్నది ఒక్కటే కాదని నా మనవి.

అసలు సినిమా మన ఇళ్లలోకి ఎలా వచ్చిందో కాస్త గుర్తు చేసుకుందాం. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు మన దేశంలో ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ కార్యక్రమాలు చూపించే ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలు. ఆ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. టీవీ ఎవరి ఇంట్లోనూ ఉండేది కాదు. ఊరంతటికీ ఒకటే. జనం వచ్చి కూర్చునేవారు, ప్రసారం అయిపోగానే లేచి వెళ్లిపోయేవారు. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం వచ్చింది. నా చిన్నతనానికి టీవీ ఇళ్లలోకి చేరింది గాని, అదీ కొన్ని ఇళ్లలోకే. శుక్రవారం చిత్రలహరి, ఆదివారం సాయంత్రం హిందీ సినిమా. వీధిలో సగంమంది మా గదిలోనే. కరెంటు పోతే సినిమా పోయినట్టే, అడిగే నాథుడు లేడు.

తర్వాత వీసీపీ వచ్చింది. మా నానీ వాళ్లది జడ్చర్ల. మా మామూ గల్ఫ్ నుంచి సెలవు మీద వస్తూ ఒకటి తెచ్చాడు. ఈద్ మర్నాడు రాత్రి మేడ మీద ముసుగు కట్టి ఒక పక్క ఆడవాళ్లు, ఒక పక్క మగవాళ్లు, మధ్యలో టీవీ. ముస్తఫా అక్కాద్ 1976లో తీసిన 'ద మెసేజ్' నేను అక్కడే చూశాను. సినిమా అంతా దైవప్రవక్త (స) కాలానిదే అయినా, ఆయన రూపం గాని గొంతు గాని ఎక్కడా లేకుండా తీశారు. హజ్రత్ హంజా (రజి) ఘట్టం రాగానే ముసుగు అవతల మా నానీ ఏడుపు వినిపించింది. ఆ తర్వాత మరో రెండు క్యాసెట్లు వేశారు. వాటి గురించి చెప్పకపోవడమే మంచిది. తెల్లవారి ఫజ్ర్‌కు మేడ మీద నుంచి ఒక్కరూ దిగలేదు. నానా మస్జిద్ నుంచి వచ్చి అందరినీ చేతికర్రతో లేపాడు.

కాబట్టి ఆ రోజులు పవిత్రమైనవని నేననను. కాకపోతే అప్పటి సినిమాకు ఒక చివర ఉండేది. క్యాసెట్ అయిపోయేది. అద్దెకు తెచ్చినదైతే పొద్దున్నే తిరిగివ్వాలి. దూరదర్శన్‌వారు రాత్రికి దుకాణం కట్టేసేవారు. ఆపడం మన చేతిలో లేదు, ఎవరో ఆపేవారు. మనం నిగ్రహంగా ఉన్నామనుకున్నాం గాని, అది మన నిగ్రహం కాదు, పరికరానికున్న హద్దు మాత్రమే. ఈ తేడా అమ్మకు తెలిసి ఉంటుందా? పుస్తకాల ద్వారా కాకపోవచ్చు. కాని ఏడాదికి ఒక నెల ఆమె తనంతట తాను ఆపేది. ఎవరూ ఆపకముందే.

1990లలో కేబుల్ వచ్చింది. ఆ తర్వాత సీడీలు. 2016 సెప్టెంబరులో జియో మొదలై, నెలల తరబడి డేటా ఉచితంగా ఇవ్వడంతో ఫోన్లలో సినిమా నీళ్లలా పారింది. మా ఇంట్లో టీవీ ఒక్కటి, ఫోన్లు నాలుగు. గుడ్డ దేని మీద కప్పాలి?

2020 రమజాన్ మీకందరికీ గుర్తుండే ఉంటుంది. లాక్‌డౌన్. ఏప్రిల్ 25న మొదటి రోజా. మస్జిద్‌లలో జమాఅత్ లేదు, తరావీహ్ ఇళ్లలోనే. నేను బడిపంతులును, బడి లేదు. ఆ నెలలోనే పాకిస్తాన్ టీవీ ఉర్దూలో 'ఎర్తుగ్రుల్' ప్రసారం మొదలుపెట్టింది. ఉస్మానీ వంశ మూలపురుషుడి కథతో తుర్కీవారు 2014 నుంచి 2019 వరకు ఐదు సీజన్లుగా తీసిన సీరియల్. మా బంధువుల ఫోన్లన్నింటిలోనూ అదే. అందులో నమాజ్ ఉంది, దుఆ ఉంది, కత్తి దూసేముందు 'బిస్మిల్లాహ్' ఉంది. ఇంకేం కావాలి? "ఇది మన చరిత్రే కదా" అనుకుంటూ తరావీహ్ కాగానే ఫోన్ తీసేవాణ్ని. ఒక్కో భాగం ముప్పావు గంట. ఒకటయ్యాక మరొకటి దానంతటదే మొదలయ్యేది. సహరీ దాకా మేలుకునేవాణ్ని గనుక ఇబాదత్ చేస్తున్నట్టే అనిపించేది. ఖుర్ఆన్ పారాయణం మూడో పారా దగ్గరే ఆగిపోయిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఒకనాటి రాత్రి ఒంటిగంటకు అమ్మ పక్కగదిలోంచి పిలిచింది. మా జిల్లా నీళ్లు ఎముకలను ఏం చేస్తాయో నల్గొండవాళ్లకు చెప్పక్కర్లేదు. మోకాళ్లు పట్టేసి, లేవడానికి ఆమెకు ఎవరో ఒకరు చెయ్యి ఇవ్వాలి. "మంచినీళ్లు బేటా" అంది. "వస్తున్నా అమ్మీ" అన్నాను. కోట మీద దాడి జరుగుతోంది. అది అయ్యాక లేద్దామనుకున్నాను. అదయ్యేసరికి ఇంకొకటి మొదలైంది. సహరీకి లేచి చూస్తే ఆమె మంచం పక్కన ఖాళీ గ్లాసు ఉంది. గోడ పట్టుకుని, నా వెనక నుంచే వంటింట్లోకి వెళ్లి, తిరిగి వచ్చి పడుకుంది. నాకు అలికిడి కూడా తెలియలేదు.

ఆమె ఏమీ అనలేదు. అన్నా బాగుండేది.

ప్రియ పాఠకులారా, నేను చూసినది హరామ్ కాదనే ఇప్పటికీ నా అభిప్రాయం. దృశ్యంలో తప్పు లేదు. తప్పు నేను లేవలేకపోవడంలో ఉంది. తల్లి అడిగిన నీళ్లకూ నాకూ మధ్య అడ్డుపడినది పాపపు బొమ్మ కాదు, 'మంచి' బొమ్మే. చెడ్డ బొమ్మ అయి ఉంటే బహుశా భయపడి లేచేవాణ్నేమో. మంచిది గనుకనే నన్ను నేను అడగవలసిన ప్రశ్న అడగలేదు.

ఒక పెద్ద సినిమా కంపెనీ అధిపతి, నెట్‌ఫ్లిక్స్‌కు చెందిన రీడ్ హేస్టింగ్స్, 2017లో తమ అసలు పోటీ మరో కంపెనీతో కాదని, జనం నిద్రతోనేనని చెప్పాడు. వ్యాపారస్థుడు నిజం చెప్పాడు, తప్పు పట్టలేం. అయితే మన రాత్రికి ఇంకో హక్కుదారు కూడా ఉన్నాడు. ఇషాకు ముందు నిద్రపోవడాన్ని, ఇషా తర్వాత ఊసులాడుతూ కూర్చోవడాన్ని దైవప్రవక్త (స) ఇష్టపడేవారు కాదని బుఖారీ హదీసు తెలుపుతోంది. జ్ఞానం కోసం, అతిథి కోసం, ఇంటివారితో కాసేపు మాట్లాడటం కోసం అయితే సరేనని పండితులు వివరించారు. అభ్యంతరం మాటలో లేదు. ఆ రాత్రి మాట తెల్లవారి ఫజ్ర్‌ను మింగేయడంలో ఉంది.

అలాగని వినోదమే వద్దని ఇస్లాం అనలేదు. హజ్రత్ హన్‌జలా (రజి) ఒకసారి తాను కపటి అయిపోయానని భయపడ్డారు. ప్రవక్త (స) సన్నిధిలో ఉన్నప్పుడు స్వర్గనరకాలు కళ్లముందే ఉన్నట్టుంటుందని, ఇంటికి వెళ్లి భార్యాబిడ్డలతో, పనులతో కలిసేసరికి ఆ స్థితి ఉండటం లేదని ఆయన బాధ. ఆ ఘడియ వేరు, ఈ ఘడియ వేరని ప్రవక్త (స) ఆయనకు ఊరట కలిగించారు.

ఇంకో హదీసు నాకు మరీ ఇష్టం. ఈద్ రోజున హబషీలు మస్జిద్ ఆవరణలో ఈటెలతో ఆటలాడుతున్నారు. హజ్రత్ ఆయిషా (రజి) చూడాలనుకున్నారు. దైవప్రవక్త (స) తన దుప్పటితో ఆమెకు మరుగు కల్పించి, ఆమె తనివితీరా చూసేదాకా నిలబడ్డారు. ఈ హదీసును వినోదం ధర్మసమ్మతమేనని చెప్పడానికి తరచూ వాడతాం. నిజమే. కాని అందులో మరో రెండు సంగతులు ఉన్నాయి. చాలని చెప్పినది ఆమే. ఆట ఆపలేదు, ఆయనా ఆపలేదు. ఆమె తనివి ఆమెకు తెలిసింది. రెండోది, చూసేవారి పక్కన ఒక మనిషి ఉన్నారు. చూడటం వల్ల ఆ ఇద్దరూ దూరం కాలేదు, దగ్గరయ్యారు. నా చేతిలోని ఫోన్‌లో ఈ రెండూ లేవు. తనివి తీరకుండా ఉండేలా తయారుచేసిన వస్తువది. పక్కన నిలబడే మనిషికి అందులో చోటు లేదు. గోడ పట్టుకుని నడిచే మనిషి వెనక నుంచి వెళ్లినా తెలియదు.

కర్మలన్నీ సంకల్పాన్ని బట్టే అని మనం చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఫుఖహాలు చెప్పేదేమిటంటే, అలవాటునూ ఆరాధననూ వేరు చేసేది నియ్యతే. పొద్దుగూకేదాకా తినకపోవడం రెండు కారణాల వల్ల జరగవచ్చు. అన్నం దొరక్కపోవడం ఒకటి, రోజా రెండోది. పైకి రెండూ ఒకటే. సినిమా విషయంలో నేను గమనించినది దీనికి తిరగేసిన సంగతి. మొదటిరోజు ఏదో ఉద్దేశంతోనే కూర్చుంటాం. చరిత్ర తెలుసుకుందామనో, పిల్లలతో నవ్వుకుందామనో. పదోరోజుకు ఆ ఉద్దేశం అరిగిపోతుంది, కూర్చోవడం మాత్రం మిగులుతుంది. అప్పటికి మనం చూడటం లేదు, చూపించబడుతున్నాం. రోజా ఈ అరుగుదలకే మందు. హరామ్ నుంచి ఆగడం ఎప్పుడూ ఉన్నదే. రోజాలో ఆగేది హలాల్ నుంచి. ఎవరూ చూడని వంటింట్లో కుండలో చల్లటి నీళ్లున్నా తాగనివాడికి తన చెయ్యి తన మాట వింటున్నదని తెలుస్తుంది. అమ్మ గుడ్డ టీవీ మీద తీర్పు కాదు. మా మీద పరీక్ష.

అమ్మ 2022లో అల్లాహ్ సన్నిధికి వెళ్లిపోయింది. బీరువా సర్దుతుంటే ఆ గుడ్డ దొరికింది. అంచు వెలిసిపోయింది. ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి ఇది: ఇషా కాగానే నాలుగు ఫోన్లూ ఖర్జూరాల ఖాళీ డబ్బాలోకి వెళ్తాయి. డబ్బా ఫ్రిజ్ మీద, దాని మీద ఆ గుడ్డ. ఇది రమజాన్‌కే కాదు, ఏడాది పొడవునా. వారానికి ఒకరాత్రి అందరం టీవీ ముందు కూర్చుని ఒక సినిమా చూస్తాం. ఎంచుకున్నవారు అది ఎందుకో ముందే చెప్పాలి. చూస్తుండగా ఎవరైనా మాట్లాడితే 'ష్' అనకూడదని కూడా ఒక నియమం పెట్టాం, అది నా కోసమే. సినిమా సగంలో ఆపేసి మర్నాడు చూడటం మొదట్లో నరకంలా ఉండేది. మా చిన్నవాడు రెండుసార్లు ఏడ్చాడు. ఈ పద్ధతి అందరికీ కుదురుతుందని నేననను. దేశం కాని దేశంలో ఒక్కడే గదిలో ఉండే మా మామూ కొడుక్కి ఆ ఫోనే ఇల్లు, అతనికి డబ్బా సలహా ఇవ్వడానికి నాకు నోరు రాదు.

పెట్టిన మొదటివారంలోనే నియమం తప్పింది నేను. రాత్రి పదకొండుకు స్కూల్ గ్రూపులో ఏదో మెసేజ్ చూడాలని చప్పుడు కాకుండా గుడ్డ తీశాను. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. నీళ్లకని వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది.

"స్కూల్ పనా అబ్బా, ఇంకేమైనానా?" అని అడిగింది.

ఆ పిల్ల చేతిలోని గ్లాసు చూశాను. ఫోన్ డబ్బాలో పెట్టేసి, కుండలోంచి నీళ్లు నేనే ముంచి ఇచ్చాను.